స్లైడ్‌లో హిట్లర్ ఫోటో పెట్టే మోటివేషన్ సార్లకి ఒక టైపు మిషన్ మెకానిక్ రాసుకున్న బహిరంగ లేఖ

నమస్కారం అండి. కాలేజీల్లో, స్కూళ్ళల్లో, కోచింగ్ సెంటర్లలో మోటివేషన్ క్లాసులు చెప్పే సార్లకి, మేడమ్‌లకి రాస్తున్నా. అందరికీ కాదు, పట్టుదల అనే టాపిక్ రాగానే స్లైడ్‌లో హిట్లర్ ఫోటో పెట్టేవాళ్ళకి మాత్రమే. మీరెవరో మీకే తెలుస్తుంది.

ముందు నా సంగతి చెప్తా. పెద్ద చదువులు చదివినోణ్ణి కాదు. తెనాలిలో టైపు మిషన్ల రిపేరుతో మొదలెట్టా, రెమింగ్టన్లు, గోద్రెజ్‌లు, ఫేసిట్‌లు, చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లు సగం నా చేతి మీదే నడిచేవి, లోయరు హయ్యరు పరీక్షలొస్తున్నాయంటే నెల ముందు నుంచీ నాకు నిద్ర ఉండేది కాదు. ఆ మిషన్లు పోయాక కంప్యూటర్లు, ఇప్పుడు ప్రింటర్లు, టోనర్ రీఫిల్లు, ప్రొజెక్టర్ కేబుళ్ళు. మొన్నామధ్య ఒక కాలేజీలో ప్రొజెక్టర్ రావట్లేదంటే వెళ్ళా. బాగు చేశాక, మళ్ళీ ఆగిపోతుందేమో కాసేపు ఉండు అన్నారు, సరే అని సెమినార్ హాల్లో వెనక కుర్చీలో కూర్చున్నా. ఆరోజు మీలో ఒక సారు క్లాసు. బాగా చెప్పారండి, అబద్ధం ఎందుకు, నవ్వించారు, పిల్లలు ఫోన్లు జేబులో పెట్టి విన్నారు, ఈ రోజుల్లో అది చిన్న సంగతేం కాదు. గోల్ సెట్టింగ్ దగ్గరికి వచ్చేసరికి స్లైడ్ మారింది. హిట్లర్ ఫోటో, పక్కన పట్టుదల గురించి ఏదో కొటేషన్. "చేసింది తప్పే అనుకోండి, కానీ ఆ విల్ పవర్ చూడండి, డ్రాయింగ్ కాలేజీలో సీటు రానోడు దేశాన్నే ఏలాడు" అన్నారు. హాలంతా చప్పట్లు. నేను బాగు చేసిన ప్రొజెక్టర్లోంచే వచ్చింది ఆ బొమ్మ.

నేనేం మాట్లాడలేదు. రిపేరుకొచ్చినోడు లేచి నిలబడి మాట్లాడితే ఏం బాగుంటుందిలే అనుకుని బిల్లు తీసుకుని వచ్చేశా. కానీ నాలుగు రోజులు అదే మనసులో తిరుగుతా ఉంది, అందుకని ఈ ఉత్తరం.

తప్పంతా మీదే అనను. మన మాటల్లోనే ఉంది అది. "మా హెడ్మాస్టర్ పెద్ద హిట్లర్ రా", "మా ఇంట్లో హిట్లర్ లేచాడు, తర్వాత ఫోన్ చేస్తా" అంటాం, మా నాన్నని నేనూ అన్నా. మనకి ఆ పేరంటే బెత్తం పట్టుకున్న మనిషి, అంతే. ఆ రెండో ప్రపంచ యుద్ధం మన వైపు వేరేగా తగిలింది, 1942 ఏప్రిల్‌లో విశాఖ మీదా కాకినాడ మీదా జపానోళ్ళు వేసిన బాంబులు, బర్మా నుంచి కాళ్ళు పగిలేలా నడిచొచ్చిన మనోళ్ళు, పెద్దాళ్ళు చెప్పుకునే కథలు అవే. జర్మనీ వైపు ఏం జరిగిందో మనకి స్కూలు పుస్తకంలో పాఠం, పరీక్షలో నాలుగు మార్కులు. అందుకే ఆ ఫోటో చూస్తే మనకి కడుపులో ఏమీ తిప్పదు. నాక్కూడా తిప్పేది కాదు, ఒక మెకానిక్ కథ తెలిసేదాకా.

ఆయన పేరు జాక్ ట్రామియెల్. కమోడోర్ కంప్యూటర్ కంపెనీ పెట్టినాయన. మీలో పాతోళ్ళకి కమోడోర్ 64 పేరు తెలిసే ఉంటుంది, ఒకే మోడల్‌గా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన కంప్యూటర్ అని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నది అదే. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే నేను యూట్యూబ్‌లో పాత కంప్యూటర్లు విప్పే వీడియోలు చూస్తుంటా, అలా ఆ కంపెనీ పేరు ఎక్కడిదా అని వెతికితే, మొదట్లో అది టైపు మిషన్ల రిపేరు షాపు అని తెలిసింది. ఇంకేం, మనోడే అనుకున్నా. అక్కణ్ణుంచి వెనక్కి తవ్వుకుంటా పోతే చేరిన చోటు వేరే.

ఆయన 1928 డిసెంబర్ 13న పోలండ్‌లో పుట్టాడు, యూదుల ఇంట్లో, ఒక్కడే కొడుకు. ఊరి పేరు వూచ్, స్పెల్లింగ్ చూసి మనం లోడ్జ్ అని చదువుతాం. మన గుంటూరుకి మిర్చి ఎలాగో ఆ ఊరికి బట్టల మిల్లులు అలాగ. ఊళ్ళో ముగ్గురిలో ఒకరు యూదులు. ఇంటి పేరు అసలు త్ష్మియెల్, మనకి నోరు తిరగదు, పోలిష్ భాషలో తుమ్మెద అని అర్థం అంట. నాకెందుకో ఆ మాట దగ్గర ఆగిపోయా, తుమ్మెదగారబ్బాయి అన్నమాట.

1939 సెప్టెంబర్‌లో జర్మన్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. పిల్లాడికి పదకొండు ఇంకా నిండలేదు. తర్వాత సంవత్సరం ఊరి పేరే మార్చేసి లిట్జ్‌మన్‌స్టాట్ అని పెట్టారు, యూదులందర్నీ ఊళ్ళో ఒక పేటలోకి తోలి చుట్టూ కంచె వేశారు. దాన్ని ఘెట్టో అంటారు. నాలుగు చదరపు కిలోమీటర్ల చోటులో 1 లక్షా 60 వేల మంది. కంచె దగ్గరికొస్తే కాల్చేస్తారు. బయటి డబ్బు చెల్లదు, లోపల వేరే నోట్లు, బయట చిత్తు కాగితంతో సమానం. లోపల వందకి పైగా వర్క్‌షాపులు, జర్మన్ సైన్యానికి యూనిఫారాలు, బూట్లు, టోపీలు కుట్టడమే పని. ఈ పిల్లాడు బట్టల ఫ్యాక్టరీలో. ఏ సైన్యమైతే తనని అక్కడ పెట్టిందో ఆ సైన్యానికే బట్టలు. కూలి అంటే ఇంత నీళ్ళ సూపు, రేషన్ రొట్టె. ఒక రొట్టె ఏడెనిమిది రోజులకి పెట్టుకోవాలి, మొదటి రోజో రెండో రోజో తినేసి మిగతా రోజులు చూస్తూ కూర్చునేవాళ్ళు ఎందరో. ఆ కంచె లోపలే ఆకలితో, జబ్బులతో 43 వేల మందికి పైగా పోయారు.

ఇక్కడ మీ సబ్జెక్టు వస్తుంది సార్. ఆ ఘెట్టోలో యూదుల పెద్దగా జర్మన్లు పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు, రుమ్కోవ్‌స్కీ అని. ఆయన నమ్మకం ఏంటంటే, పని చేస్తే బతుకుతాం. మనం లేకపోతే వాళ్ళకి యూనిఫారాలు ఉండవు అన్నంతగా పని చేసి చూపిద్దాం, అప్పుడు చంపరు. మీ క్లాసుల్లో చెప్పే మాటే, కాస్త అటూ ఇటూగా, నువ్వు లేకపోతే కంపెనీ నడవదు అన్నట్టు పని చెయ్ అని. 1942 సెప్టెంబర్‌లో జర్మన్లు వచ్చి పని చెయ్యలేనోళ్ళని అప్పగించు అన్నారు, పదేళ్ళ లోపు పిల్లలు, 65 దాటిన ముసలాళ్ళు, ఆస్పత్రిలో ఉన్న రోగులు. రుమ్కోవ్‌స్కీ జనం ముందు నిలబడి మీ పిల్లల్ని నాకు ఇవ్వండి అని అడిగాడు, అడిగినట్టు రికార్డు ఉంది. ఒక వారం పైగా ఎవర్నీ గడప దాటనివ్వకుండా ఇల్లిల్లూ వెతికి 15 వేల మందికి పైగా తీసుకెళ్ళారు. తీసుకెళ్ళింది హెల్మ్నో అనే ఊరికి, అక్కడ మూసేసిన వ్యాన్లలో ఎక్కించి ఇంజన్ పొగ లోపలికి వదిలి చంపేవాళ్ళు.

మన తుమ్మెదబ్బాయికి అప్పుడు 13 ఏళ్ళు. పదేళ్ళ లిస్టులో లేడు, బట్టల ఫ్యాక్టరీలో పేరుంది. నాలుగేళ్ళు ఆలస్యంగా పుట్టుంటే ఆ వ్యాన్లో ఉండేవాడు. దీన్ని మీ గ్రాఫ్‌లో ఎక్కడ పెడతారు? విల్ పవర్ కిందా, టైమ్ మేనేజ్‌మెంట్ కిందా?

రుమ్కోవ్‌స్కీ గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. పోలండ్‌లో మిగతా ఘెట్టోలన్నీ ముందే ఖాళీ అయిపోయినా వూచ్ ఘెట్టో 1944 ఆగస్టు దాకా నిలబడిన మాట నిజం, ఆ పని వల్లే నిలబడింది. అప్పటికి రష్యా సైన్యం వార్సా దగ్గరికి వచ్చేసింది. ఇంకొన్ని నెలలు ఆగుంటే అని అందరికీ అనిపిస్తుంది. ఆగలేదు. ఆ ఆగస్టులో మిగిలిన వాళ్ళని, 65 వేల మంది పైన, రైళ్ళలో ఆష్‌విట్జ్ అనే జర్మన్ల చావు క్యాంపుకి పంపేశారు. రుమ్కోవ్‌స్కీని కూడా. ఆయనా అక్కడే పోయాడు.

ఆష్‌విట్జ్ గేటు మీద ఇనప అక్షరాలతో ఒక బోర్డుంది, మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. "పని మనిషికి విముక్తి" అని దానర్థం. ఖైదీల చేతే చేయించారు దాన్ని, కమ్మరి పని తెలిసిన ఖైదీల చేత. ఆ బోర్డులో బి అక్షరం తలకిందులుగా ఉందని ఎక్కడో చదివి ఫోటో పెద్దది చేసి చూశా. టైపు మిషన్ పనిలో ఇది మాకు బాగా తెలిసిన సంగతండి. టైపు బారు చివర అక్షరం ఊడిపోతే మళ్ళీ టంకం పెట్టి అతికిస్తాం, ఎ గానీ టి గానీ తలకిందులుగా అతికితే గుడ్డోడికైనా కనపడుద్ది, కానీ బి, ఎస్, 8 ఇవి తిరగబడితే కొత్తోళ్ళకి తెలీదు, కాగితం మీద కొట్టి చూస్తే ఏదో ఎబ్బెట్టుగా ఉంటుంది, పైన సున్నా కన్నా కింద సున్నా లావుగా ఉండాలి, అదొక్కటే గుర్తు. ఆ బోర్డులో పైన లావు, కింద సన్నం. కావాలనే అలా పెట్టారని, ఈ మాట అబద్ధం అని చెప్పడానికి వాళ్ళకి మిగిలిన దారి అదేనని బతికొచ్చిన వాళ్ళు కొందరు చెప్పారు. నేను ఆ ఫోటోని చాలాసేపు చూశా. ఇన్నేళ్ళలో నేను సరి చేసిన తిరగబడ్డ అక్షరాలు వందల్లో ఉంటాయి, సరి చెయ్యకూడదు అనిపించింది ఇదొక్కటే.

ఒక మాట సరిగ్గా చెప్పాలి, మన పిల్లాడు ఆ గేటు కింద నుంచి నడిచి ఉండకపోవచ్చు. ఆ బోర్డు పాత క్యాంపుది. అప్పట్లో వూచ్ రైళ్ళు ఆగింది అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో బిర్కెనావ్ క్యాంపు లోపలి ప్లాట్‌ఫారం మీద. దిగగానే ఆడోళ్ళు ఒక వరస, మగోళ్ళు ఒక వరస. అమ్మ అటు, నాన్నా కొడుకూ ఇటు. వరస చివర ఒక డాక్టరు నిలబడి చేత్తో అటూ ఇటూ చూపిస్తుంటాడు. ఈయన వరసలో ఉన్న డాక్టరు మెంగెలే. ఒక వైపు పని, ఇంకో వైపు గ్యాసు గది. ఒక్కో మనిషికి కొన్ని సెకన్లు. మార్కెట్లో వంకాయలు ఏరినట్టు. ఆ ఒక్క చోట 11 లక్షల మందిని చంపారు, అందులో దాదాపు 10 లక్షల మంది యూదులు. తండ్రీ కొడుకులిద్దర్నీ పని వైపు చూపించాడు. పిల్లాడికి అప్పటికి 15.

ఆ పని ఏంటో కూడా వినండి, ఎందుకంటే మీకు హార్డ్ వర్క్ అంటే ఇష్టం. జర్మనీలో హానోవర్ అనే ఊరికి పంపారు, అక్కడ కాంటినెంటల్ టైర్ల కంపెనీ ఉంది, అవును, ఇప్పుడు మన కార్లకి వేయించుకునే కాంటినెంటలే. వూచ్ నుంచి వచ్చిన వాళ్ళని ముందు ఆ ఫ్యాక్టరీ పనికి పెట్టారు, తర్వాత 1944 నవంబర్ ఆఖర్న పక్కనే ఆలెమ్ అనే చోటుకి మార్చారు. అక్కడ తారు తవ్వే పాత గని ఉంది, బాంబుల నుంచి తప్పించుకోడానికి ఫ్యాక్టరీలని ఆ గని సొరంగాల్లోకి దించాలని ప్లాను, ఆ సొరంగాలు వెడల్పు చేసే పని వీళ్ళది. చలికాలం, తడి, సరైన బట్టల్లేవు, తిండి లేదు. యుద్ధం చివర్లో ఖైదీలని కంపెనీలకి అద్దెకిచ్చే రేటు ఉండేది, పని తెలిసినోడికి రోజుకి 6 మార్కులు, తెలీనోడికి 4, మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు. ఆ డబ్బు ఎస్‌ఎస్ వాళ్ళ ఖాతాకి, చేసినోడికి పైసా లేదు. ఎస్‌ఎస్ అంటే క్యాంపులు నడిపిన నాజీ దళం. 2020లో కాంటినెంటల్ వాళ్ళే ఒక చరిత్రకారుడి చేత పరిశోధన చేయించి బయటపెట్టారు, యుద్ధకాలంలో సుమారు 10 వేల మంది చేత బలవంతంగా పని చేయించుకున్నామని. చెప్పుకోడానికి డెబ్బై ఐదేళ్ళు పట్టింది గానీ చెప్పారు.

దీన్ని తెలుగులో ఏమనాలో నాకు కొన్నాళ్ళు తెలీలేదు. వెట్టిచాకిరి అంటే మనకి అర్థమవుతుంది, దొరల కాలంలో తెలంగాణలో తరతరాలు చేసింది అదే. కానీ దొరకి వచ్చే ఏడు దుక్కికి కూడా మనిషి కావాలి, అందుకైనా ప్రాణాలతో ఉంచుతాడు. ఇక్కడ అది కూడా లేదు. వీడు పోతే ఇంకో రైలు వస్తుంది. చనిపోయేదాకా పని చేయించడం కాదు, చంపడానికే పని చేయించడం. దీనికి మన దగ్గర మాట లేదు, లేకపోవడమే మంచిదిలెండి.

నాన్న ఆలెమ్‌లోనే పోయాడు. టైఫస్ జ్వరం అని రికార్డు. కాదు, పెట్రోలు ఇంజెక్షన్ ఇచ్చి చంపారు అని కొడుకు చివరిదాకా నమ్మాడు. నేను ఆ వాక్యం చదివి కంప్యూటర్ ఆపేసి బయటికెళ్ళి నిలబడ్డా. షాపు ముందు మనం బండ్లలో పోసుకునే పెట్రోలు.

అమెరికా సైన్యం దగ్గరికొస్తోందని 1945 ఏప్రిల్ 6న నడవగలిగిన వాళ్ళని బెర్గెన్ బెల్సెన్ అనే ఇంకో క్యాంపు వైపు నడిపించుకుపోయారు, నడవలేని వాళ్ళని వదిలేశారు. ఏప్రిల్ 10న అమెరికా 84వ డివిజన్ సైనికులు ఆలెమ్‌కి వచ్చారు. అందులో ఒక సైనికుడు వెర్నన్ టాట్ అని, జేబులో చిన్న కెమెరా ఉంటే ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు ఇంటికి తీసుకెళ్ళి చెప్పుల డబ్బాలో పెట్టి సెల్లార్లో పడేశాడు, యాభై ఏళ్ళు అక్కడే ఉన్నాయి. ఈయన సంగతి మళ్ళీ చెప్తా, గుర్తుపెట్టుకోండి.

ఆ 84వ డివిజనే ట్రామియెల్‌ని బయటపడేసింది. అప్పటికి పదహారేళ్ళు. మీ స్లైడ్‌లో ఉన్నాయన ఆ తర్వాత ఇరవై రోజులకి, ఏప్రిల్ 30న, బెర్లిన్‌లో బంకర్‌లో తనని తాను కాల్చుకున్నాడు. ఆ పట్టుదల వల్ల 60 లక్షల మంది యూదులు పోయారు, మిగతా జనం లెక్క వేరే. మీరు చేసింది తప్పే అనుకోండి అని ఒక్క ముక్కలో దాటేసింది దీన్నే.

ఇక తర్వాతి సంగతి, అంటే మీరు చెప్పాలనుకుంటే చెప్పగలిగే సంగతి. 1947లో పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ హెలెన్, బెర్గెన్ బెల్సెన్ నుంచి బతికొచ్చిన మనిషి. అదే ఏడు నవంబర్‌లో అమెరికా చేరాడు. అక్కడ సైన్యంలో చేరాడు, ఏ సైన్యం తనని విడిపించిందో ఆ సైన్యంలో. ఆఫీసు మిషన్లు, టైపు మిషన్లు రిపేరు చెయ్యడం అక్కడే నేర్చుకున్నాడు.

ఇక్కడ నాకు ఒక ఆలోచన వచ్చింది, మెకానిక్ బుర్ర కదా. జర్మనీ పాత టైపు మిషన్ల ఫోటోలు చూశా, హిట్లర్ కాలంలో తయారైన కొన్నిటి మీద అంకెల వరసలో ఒక కీ మీద అంకె పైన రెండు మెరుపుల్లాంటి గుర్తు ఉంటుంది. షిఫ్ట్ నొక్కి కొడితే ఎస్‌ఎస్ వాళ్ళ గుర్తు ఒకే దెబ్బకి పడుద్ది. మాటిమాటికి కొట్టాల్సి వస్తుంది గనక టైము కలిసొస్తుందని, డిజైన్ గీసి, అచ్చు పోసి, ఆ స్లగ్గుని బారు మీద అతికించి ఫ్యాక్టరీ నుంచి పంపారు. రైళ్ళలో ఎక్కించాల్సిన వాళ్ళ లిస్టులు టైపు మిషన్ల మీదే కొట్టేవాళ్ళు, వరస నంబరు, పేరు, పుట్టిన తేదీ. ఎవరో ఒక మెకానిక్ వాటికి నూనె వేసుంటాడు, రిబ్బన్ మార్చుంటాడు, క్యారేజీ ఇరుక్కుంటే కిరోసిన్‌లో బ్రష్ ముంచి తోముంటాడు. నేను కూడా అడిగినోళ్ళందరికీ చేసిపెట్టా, ఏం టైపు చేస్తారు అని ఎప్పుడూ అడగలేదు. ట్రామియెల్ చేతికి ఆ పని వచ్చినప్పుడు ఇవన్నీ ఆయనకి తట్టాయో లేదో. నాకైతే తట్టింది.

సైన్యం నుంచి వచ్చాక టాక్సీ తోలాడు. 1953లో న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేటలో టైపు మిషన్ల రిపేరు షాపు తీసుకున్నాడు, మాజీ సైనికులకిచ్చే సదుపాయంతో 25 వేల డాలర్ల లోను వచ్చింది. అది రాసుకోండి సార్, లోను. పేరు పెట్టడానికి సైన్యం హోదా ఏదైనా బాగుంటుందనుకున్నాడు, జనరల్, అడ్మిరల్ ముందే ఎవరో వాడేసుకున్నారు, మిగిలింది కమోడోర్. తర్వాత చెకోస్లొవేకియా నుంచి విడిభాగాలు తెప్పించి కెనడాలో టొరంటోలో టైపు మిషన్లు బిగించి అమ్మాడు, ఎందుకంటే కమ్యూనిస్టు దేశం సరుకు నేరుగా అమెరికాలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ తెలివి చూసి నేను నవ్వుకున్నా, మా దగ్గర కూడా పాత రెమింగ్టన్‌కి గోద్రెజ్ స్ప్రింగులు ఎక్కించి కొత్తదని అమ్మినోళ్ళు ఉన్నారు. జపాన్ టైపు మిషన్లు చవగ్గా వచ్చి వ్యాపారం పడిపోతే క్యాలిక్యులేటర్లలోకి దూకాడు, అక్కడ చిప్పులు అమ్మే కంపెనీయే పోటీకొచ్చి రేట్లు పడగొడితే 1976లో ఏకంగా ఒక చిప్పుల కంపెనీనే కొన్నాడు. 1977లో మొదటి కంప్యూటర్, 1982లో కమోడోర్ 64, రేటు 595 డాలర్లు. ఆయన మాట ఒకటుంది, కంప్యూటర్లు క్లాసులకి కాదు, మాసులకి. మన సినిమా పోస్టర్ మీద మాటలా ఉంది కదా, నిజంగా ఆయన అన్నదే.

దేవుణ్ణి చెయ్యకండి ఆయన్ని. వ్యాపారం అంటే యుద్ధం అనేవాడు. సరుకిచ్చినోళ్ళకి డబ్బులు లాగిలాగి ఇచ్చాడని, మనుషుల్ని నిలబెట్టి కడిగేసేవాడని, ఆయన ఊడిపడితే ఆఫీసులో 'జాక్ ఎటాక్' అనుకునేవాళ్ళని అక్కడ పని చేసినోళ్ళే చెప్పారు. 1984 జనవరిలో సొంత కంపెనీలో గొడవపడి బయటికొచ్చి ఆరు నెలలకి పోటీ కంపెనీ అటారీని కొనేశాడు. కష్టపడ్డోళ్ళంతా మెత్తగా తయారవుతారని ఎక్కడుంది. కొందరు అలా అవుతారు, కొందరు గట్టిపడతారు, ఆయన గట్టిపడ్డాడు. ఒక్కటి మాత్రం నన్ను పట్టుకుంది. 80ల్లో కమోడోర్‌కి జర్మనీలో ఫ్యాక్టరీ ఉండేది, బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో, హానోవర్ నుంచి అరవై కిలోమీటర్లు. నాన్న పోయిన చోటికి, తెనాలి నుంచి ఒంగోలు అంత దూరం కూడా లేదు. అక్కడ జర్మన్లకి జీతాలిచ్చి కంప్యూటర్లు బిగించాడు, జీతాలిచ్చి అని మళ్ళీ రాస్తున్నా. ఆ దేశం పిల్లలు కమోడోర్ 64 ఆకారం చూసి ముద్దుగా ఒక పేరు పెట్టుకున్నారు, రొట్టెల డబ్బా అని. ఒక రొట్టెని ఎనిమిది రోజులకి లెక్కపెట్టుకుని తిన్న పిల్లాడు చేసిన మిషన్ అది అని వాళ్ళలో ఎంతమందికి తెలుసో.

బలవంతపు పని చేసినోళ్ళకి డబ్బులివ్వడానికి జర్మనీ ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి 2000లో ఒక నిధి పెట్టాయి, 16 లక్షల మందికి పైగా ఇచ్చారు, క్యాంపుల్లో చేసినోళ్ళకి ఎక్కువలో ఎక్కువ 15 వేల మార్కులు. అప్పటికి 55 ఏళ్ళు గడిచాయి. చాలామంది తీసుకోడానికి లేరు.

వెర్నన్ టాట్ సంగతి చెప్తానన్నా కదా. 1995లో ఆయన డివిజన్ పాత సైనికుల పత్రికలో ఒక ఉత్తరం చదివాడు, ఆలెమ్‌లో ఆరోజు ఫోటోలు తీసిన సైనికుడు ఎవరు అని బతికొచ్చిన ఒకాయన రాసింది. సెల్లార్లోకి వెళ్ళి చెప్పుల డబ్బా దించాడు. ఆ తర్వాత మిగిలిన జీవితమంతా ఆ ఫోటోల్లో ఉన్నోళ్ళని వెతకడమే, ఒక్కొక్కరినీ పట్టుకుని ఇదిగో ఇది నువ్వు అని చూపించడమే. హోలోకాస్ట్ అంటే యూదుల మీద జరిగిన ఈ ఊచకోత, వాషింగ్టన్‌లో 1993లో తెరిచిన హోలోకాస్ట్ మ్యూజియం నిలబడడానికి సాయం చేసిన వాళ్ళలో ట్రామియెల్ ఒకడు. అక్కడ గోడ మీద తన పేరు కాదు, టాట్ పేరు చెక్కించాడు. నన్ను విడిపించినవాడికి, నా హీరోకి అని. వర్జీనియా, మేరీలాండ్ వైపు మన పిల్లలు వేలల్లో ఉన్నారు కదా, శనివారం గుడికెళ్ళినట్టే ఒకసారి అక్కడికీ వెళ్ళమనండి, చూడడానికి టికెట్ డబ్బులేం ఉండవు.

ట్రామియెల్ 2012 ఏప్రిల్ 8న పోయాడు. ఆలెమ్ తలుపులు తెరుచుకుని 67 ఏళ్ళు నిండడానికి రెండు రోజులు తక్కువ.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడిగేది. ఆ స్లైడ్ తీసెయ్యండి. దాని బదులు ఈయన ఫోటో పెట్టండి అని చెప్పడానికే ఉత్తరం మొదలెట్టా గానీ, రాస్తా రాస్తా ఉంటే ఒక భయం పట్టుకుంది. మీరు ఈయన కథ తీసుకుని "చూశారా, ఆష్‌విట్జ్ నుంచి వచ్చినోడే కంపెనీ పెట్టాడు, మీకు హాస్టల్లో సాంబార్ బాలేదని ఏడుస్తారేంటి" అని చెప్తారేమో అని. దయచేసి అలా చెప్పొద్దండి. కష్టపడితే పైకొస్తాం అనే మాట ఆ గేటు మీదే రాసి పెట్టారు. ఆ రైలు దిగినోళ్ళంతా కష్టపడేవాళ్ళే. బట్టల మిల్లుల ఊరి వాళ్ళు, పుట్టినప్పటి నుంచి మిషన్ ముందు కూర్చున్నోళ్ళు. ఈయన తండ్రి కూడా అదే గనిలో అదే పని చేశాడు, కొడుకు కన్నా తక్కువ పట్టుదల ఉండి పోలేదాయన. చెప్పేటట్టయితే డాక్టరు చెయ్యి చెప్పండి, పదేళ్ళ లోపు లిస్టు చెప్పండి, లోను ఇచ్చిన దేశం గురించి చెప్పండి, పని నేర్పిన సైన్యం గురించి చెప్పండి, చెప్పుల డబ్బా గురించి చెప్పండి. పిల్లలు చప్పట్లు కొట్టకపోవచ్చు. హాలు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే ఉండనివ్వండి, వెనక కుర్చీలో నాకేం ఇబ్బంది లేదు.

స్లైడ్లు చెయ్యడం కష్టమైతే నేను చేసిస్తా, తెలుగులో, తప్పుల్లేకుండా, టైపు హయ్యర్ పాసయ్యా. తెనాలి చుట్టుపక్కల ఏ కాలేజీ అయినా ప్రొజెక్టర్ కూడా నేనే చూసుకుంటా, ఆరోజుకి డబ్బులొద్దు.

ఆరోజు క్లాసు చెప్పిన సారు ఇది చదువుతుంటే ఒక మాట. మీ పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కే వదిలేసి వెళ్ళారు. కాలేజీ ఆఫీసులో కవర్లో పెట్టి ఇచ్చా, కవరు మీద ప్రొజెక్టర్ అని రాసుంటుంది, అడిగి తీసుకోండి.